యాంటీవైరస్ సస్పెన్షన్ ఉత్తర్వులు

"ఈ ఆఫీసులకు దొంగ కాదు గదా, దోమ గూడ రాదు! పక్కనే దోమలగూడ ఉన్నా సరే, రాదు!" అని మంత్రి దాసయ్య గారు నారాయణగూడలో మైకు పట్టుకుని ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. వాటిలో కొన్ని దోమల్ని కొట్టిన చప్పుళ్లే అయినా, పేపర్లవాళ్లు అన్నిటినీ కలిపే రాసుకున్నారు.

అది 2012 వేసవి. రాష్ట్ర చెరువుల లెక్కల మండలి అనే ఒక సంస్థ ఉందని జనానికి అప్పటిదాకా తెలియదు. చెరువులకు అసలే తెలియదు. అలాంటి ఆఫీసును రాష్ట్రంలోనే మొట్టమొదటి 'సంపూర్ణ సమాచార భద్రతా కార్యాలయం'గా తీర్చిదిద్దుతున్నామనీ, వచ్చే సోమవారం తానే వచ్చి తనిఖీ చేసి ఫలకం ఆవిష్కరిస్తాననీ, చెరువు లెక్కల సహాయకుల నియామక జాబితా ఇదే ఆఫీసు కంప్యూటర్లోంచి మచ్చ లేకుండా బయటికి వస్తుందనీ మంత్రిగారు సెలవిచ్చారు. వేదిక మీద వెనక కుర్చీలో కూర్చున్న డిప్యూటీ డైరెక్టర్ విద్యాసాగర్ గారికి ఒళ్లు పులకరించింది.

పులకరించాల్సిందే. విద్యాసాగర్ గారి సర్వీసులో ఒక్క తప్పు కూడా లేదు, ఎందుకంటే ఆయన ఇంతవరకూ ఒక్క నిర్ణయమూ తీసుకోలేదు. తాతల కాలం నుంచి అశోక్ నగర్ వాళ్లు. మేడ మీది గదులు పోటీ పరీక్షలు రాసే ఆడపిల్లలకు కిరాయికి ఇచ్చారు. ఆ పిల్లల్లో జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చిన స్నేహలత ఒకతె. చెరువు లెక్కల పరీక్ష రాసి ఫలితం కోసం కాచుకుని ఉంది. ఈ ఉద్యోగం వస్తే వచ్చినట్టు. లేకపోతే వచ్చే నోటిఫికేషన్ నాటికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఆ తర్వాత రాయడానికి ఇంకే పరీక్షా ఉండదు.

పొద్దున విద్యాసాగర్ గారు స్కూటర్ బయటికి తీస్తుంటే ఆమె మెట్ల మీద నుంచి అడిగేది.

"సార్, లిస్టు ఎప్పుడస్తది?"

"వస్తది బిడ్డా. పద్ధతి ప్రకారం వస్తది."

పద్ధతి అనే మాట ఆయన నోట వింటే ఎవరికైనా ధైర్యం వచ్చేది.

సభ అయిన మర్నాడు ఆయన ఆఫీసులో అడుగు పెట్టీ పెట్టకముందే అటెండర్ పెద్దులు ఎదురు పరుగెత్తుకొచ్చాడు.

"సార్, కంప్యూటర్ మొఖం నల్లగైంది!"

నిజమే. మార్కులన్నీ దాచిన కంప్యూటర్ తెర అమావాస్యలా ఉంది. ఓ మూల చిన్న అక్షరాలతో 'ఈ కాపీ అసలుది కాదు. మీరు మోసపోయి ఉండవచ్చు' అని ఇంగ్లీషులో రాసి ఉంది. విద్యాసాగర్ గారు కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి చదివారు.

"అసలుది కాదంటె ఏంది? నకలే గదా. నకలు మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం ఉంటె అసలు లెక్కనే. నేను గెజిటెడ్ కాదా?"

"ఎందుకు కాదు సార్!" అంటూ పెద్దులు స్టాంపూ ఇంకు ప్యాడూ తెచ్చాడు. 'ట్రూ కాపీ' అని తెర మీద గుద్దారు. గాజు మీద సిరా నిలవలేదు. పెద్దులు తుడిచి మళ్లీ గుద్దాడు. కంప్యూటర్ మాత్రం తన మాట మీదే ఉంది.

పద్ధతి ప్రకారం సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనడానికి మండలి ప్రయత్నించలేదని ఎవరూ నిందించలేరు. ఆ ఫైలు ఎప్పుడో పెట్టారు. ఆ ఏడు అధికార భాషా వారోత్సవాల్లో పెట్టడం వల్ల లైసెన్సు నంబరైన 'ప్రోడక్ట్ కీ'ని 'ఉత్పత్తి తాళంచెవి' అని చక్కని తెలుగులో రాశారు. 'తాళం లేనిదే తాళంచెవి దేనికి? వివరణ ఇవ్వగలరు' అని పైనుంచి ప్రశ్న వచ్చింది. వివరణ వెళ్లింది. దాని మీద ఇంకో ప్రశ్న వచ్చింది. చివరికి వాళ్లే విసిగి, తాళాలతో సహా తాళంచెవులు మంజూరు చేశారు. ఇత్తడి తాళాలు, గట్టివి. విద్యాసాగర్ గారు మంజూరైన సొత్తును వృథా చేసే మనిషి కాదు కనుక, ప్రతి కంప్యూటర్ డబ్బాకూ గొలుసు చుట్టించి ఒక్కో తాళం వేయించారు. మంత్రిగారు భద్రత గురించి అంత నమ్మకంగా మాట్లాడింది ఆ గొలుసుల సంగతి వినే.

ఇప్పుడు మళ్లీ ఫైలు పెడితే ఏం మంజూరవుతుందో ఊహించడం కష్టం. సోమవారం చూస్తే దగ్గరికొచ్చింది. చిక్కడపల్లి సందులో కంప్యూటర్ రిపేరు దుకాణం నడిపే ఎల్లేశాన్ని పిలిపించారు.

ఎల్లేశం తెరను చూసి నవ్వాడు. "గింతేనా సార్? నా దగ్గర ఒక టూల్ ఉన్నది. ఇట్ల నొక్కితె అట్ల ఒరిజినల్ అయితది."

"ఇది రూల్స్ ప్రకారమేనా?"

"అందరు గిదే వాడుతున్రు సార్."

"అందరంటె?"

"చిక్కడపల్లి, అశోక్ నగర్, నల్లకుంట మొత్తం."

'విస్తృత ప్రజామోదం కలదు' అని విద్యాసాగర్ గారు కాగితం మీద నోట్ చేసుకున్నారు. "ఈ టూల్ తయారు చేసిందెవరు?"

"ఎవరో తెల్వదు సార్. ఇంటర్నెట్ల ఫ్రీగ పెట్టిండు."

"ఫ్రీగనా? ఎందుకు?"

ఎల్లేశం కాసేపు బుర్ర గోక్కున్నాడు. ఆ ప్రశ్న చిక్కడపల్లిలో ఎవరూ వేయలేదు. "సేవ సార్," అన్నాడు చివరికి.

విద్యాసాగర్ గారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. తన సర్వీసు మొత్తం మీద ఏమీ ఆశించకుండా ఎవరైనా ఎవరి పనైనా చేసిపెట్టడం ఆయన చూడలేదు. ముక్కూ మొహం తెలియని ఆ పుణ్యాత్ముడికి మనసులోనే నమస్కారం పెట్టుకున్నారు.

ఎల్లేశం పెన్‌డ్రైవ్ గుచ్చాడో లేదో తెర మీద ఎర్ర డబ్బా ఒకటి ఎగిరి పడింది. 'ఆగండి! ఈ ఫైలు ప్రమాదకరం. దొంగలకు వెనక తలుపు తీస్తుంది' అని అరుపు.

"ఎవరిది ఈ లొల్లి?" అన్నారు విద్యాసాగర్ గారు.

"యాంటీవైరస్ సార్. ఈ టూల్ని చూస్తె గట్లనే మొత్తుకుంటది. దాన్ని జర బంద్ పెట్టాలె."

విద్యాసాగర్ గారి మొహం గంభీరమైంది. "గట్లెట్ల బంద్ పెడ్తవయ్యా? అది గవర్నమెంట్ డ్యూటీల ఉన్నది. దానికో పద్ధతి ఉంటది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పక్క సెక్షన్ టైపిస్టును పిలిచి ఉత్తర్వులు చెప్పారు. 'పై అధికారి సమక్షంలోనే నిరాధార ఆరోపణలు చేస్తూ, కార్యాలయ పనులకు ఆటంకం కలిగిస్తున్నందున, ఈ కార్యాలయపు యాంటీవైరస్‌ను విచారణ పూర్తయ్యే వరకు విధుల నుంచి సస్పెండ్ చేయడమైనది. సస్పెన్షన్ కాలంలో అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు.' సంతకం, స్టాంపు అయ్యాక ఒక ప్రతిని కంప్యూటర్ డబ్బాకు అంటించారు. ఆ తర్వాతే ఎల్లేశం దాని నోరు నొక్కాడు.

ఇంకొక్క చిక్కు మిగిలింది. టూలుకు ఒక్కసారి ఇంటర్నెట్ చూపించాలట. మార్కులున్న కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఉండకూడదని మండలి నియమం. ఉత్తర్వులో 'తాత్కాలికంగా' అనే మాట చేర్చి, పక్క గదిలోంచి కిటికీ గుండా వైరు లాగించారు. వైరు కలపమని ఉత్తర్వు ఉంది గానీ మళ్లీ తీయమని ఏ ఉత్తర్వూ లేదు కాబట్టి, పెద్దులు దాన్ని ముట్టుకోలేదు.

తెర తెల్లబడింది. మూలన 'ఇది అసలుది' అని వెలిసింది. పెద్దులు చెంపలేసుకున్నాడు.

సోమవారం మంత్రి దాసయ్య గారు వచ్చారు. గేటు దగ్గర సెల్‌ఫోన్లు తీసుకునే బుట్టను చూశారు. గొలుసులు లాగి చూశారు. తాళాలు తట్టి చూశారు. చివరికి అసలు కంప్యూటర్ ముందు నిలబడి అందరూ ఎదురుచూస్తున్న ప్రశ్న వేశారు.

"ఒరిజినలేనా?"

"అదే రాసిచ్చింది సార్, చూడున్రి," అని విద్యాసాగర్ గారు మూలనున్న అక్షరాలు చూపించారు.

అప్పుడే తెర మీది బాణం గుర్తు దానంతటది కదిలింది. మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. బాణం అటు వెళ్లి ఒక ఫైలు తెరిచింది, ఇటు వచ్చి ఇంకోటి తెరిచింది.

"ఏందయ్యా ఇది? ఎవ్వరు ముట్టకుంటనే తిరుగుతున్నది!"

"ఆటోమేటిక్ సార్," అన్నారు విద్యాసాగర్ గారు. అది ఎప్పట్నుంచి ఆటోమేటిక్ అయిందో ఆయనకూ తెలియదు.

"శభాష్! మనం లేకున్నా నడిచే ఆఫీసంటె గిట్లుండాలె," అని మంత్రిగారు భుజం తట్టి ఫలకం ఆవిష్కరించారు. ఆ ఫోటో పేపర్లలో వచ్చింది. ఫోటోలో మంత్రిగారి చేతి వెనక, కిటికీలోంచి వచ్చే వైరు కూడా స్పష్టంగా కనిపించింది. అదేదో ఆధునిక పరికరమని చూసినవాళ్లంతా అనుకున్నారు.

జాబితా తయారైంది. పొద్దున స్కూటర్ తీస్తూ విద్యాసాగర్ గారు మెట్ల వైపు తలెత్తారు. రహస్యం బయటపెట్టే మనిషి కాదాయన. "స్వీట్ల దుకాణం దిక్కు పోయే పని ఉంటె పో బిడ్డా," అని మాత్రం అన్నారు. స్నేహలత గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆయనకూ సంతోషం వేసింది. ఆఫీసు దాకా స్కూటర్ మీద చిన్నగా పాడుకుంటూ వెళ్లారు.

ప్రింటు తీయడానికి జాబితా తెరిచారు. మొదటి వరుసలో స్నేహలత పేరు, హాల్ టికెట్ నంబరు, తండ్రి పేరు, మార్కులు. విద్యాసాగర్ గారు తృప్తిగా చూస్తుండగానే బాణం కదిలింది. నేరుగా స్నేహలత పేరు మీదికి పోయి ఆగింది. అక్షరాలు వెనక నుంచి ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఖాళీ అయిన చోట ఇంగ్లీషులో కొత్త అక్షరాలు పడ్డాయి. 'అడ్మిన్.'

"సార్, దయ్యం!" అన్నాడు పెద్దులు వెనక్కి జరుగుతూ.

విద్యాసాగర్ గారు అప్పటికే కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మెల్లగ మాట్లాడు. పైనుంచి."

"పైనుంచి అంటె?"

"పైనుంచంటె పైనుంచే. ఇన్నాళ్లు ఫోన్లల్ల చెప్పేటోళ్లు, చిట్టీలు పంపేటోళ్లు. ఇప్పుడు డైరెక్టుగ వాళ్లే దిద్దుతున్రు. మనకు శ్రమ లేకుండ."

బాణం ఇంకాసేపు అక్కడక్కడా తచ్చాడి వెళ్లిపోయింది. అది పూర్తిగా వెళ్లిందని రూఢి చేసుకున్నాకే ఆయన కూర్చున్నారు. ప్రభుత్వం సాంకేతికంగా ఇంత ముందుకు పోయిందని ఆయనకు గర్వంగానే ఉంది. కానీ స్వీట్ల సంగతి గుర్తొచ్చింది. అయినా ప్రింటు తీశారు. సంతకం పెట్టారు. సంతకం ఎప్పటిలాగే చక్కగా పడింది.

మాట వరసకు మంత్రిగారికి ఫోన్ చేశారు. "తమరు పంపిన పేరు మొదటి వరుసల పెట్టినం సార్."

"నేనెప్పుడు పంపిన? పేరేంది?"

"అడ్మిన్ సార్."

అవతల తలుపు మూసిన చప్పుడైంది. మంత్రిగారు గొంతు తగ్గించారు. "మన దిక్కు పేరు కాదు. ఢిల్లీ పేరు లెక్క ఉన్నది. హైకమాండ్ మనిషి అయి ఉంటడు. ముట్టకు విద్యాసాగర్. ఎవరిదని నన్ను గూడ అడగకు."

జాబితా నోటీసు బోర్డు ఎక్కిన రోజు స్నేహలత గేటు దగ్గరే ఆయన్ని ఆపేసింది. చేతిలో స్వీట్ల డబ్బా విప్పకుండా అలాగే ఉంది.

"సార్, హాల్ టికెట్ నంబర్ నాది. మార్కులు నావి. మా నాయన పేరు మా నాయనదే. ఒక్క పేరే నాది కాదు. ఎట్లయింది సార్?"

"పైనుంచి వచ్చింది బిడ్డా. మీ నాయన పేరు మార్చకపోవుడు వాళ్ల పెద్ద మనసు."

"పైనుంచి గాదు సార్, బయటి నుంచి!" అన్నది ఆమె. "మేము సదువుకునే నెట్ సెంటర్ల గూడ గిట్లనే అయింది. మీకు ఏసిన టూలే మాకు గూడ ఏసినని ఎల్లేశం అన్ననే చెప్పిండు, అది ఏసినంక బాణం దానంతటదే తిరిగింది. దాంట్ల దొంగ తలుపు ఉంటదట. ఎక్కడో కూసున్నోడు లోపటికి వస్తడట. అడ్మిన్ అంటె కంప్యూటర్ల పెద్ద ఖాతా పేరు సార్, ఆడు అది కొట్టే బాక్స్ అనుకొని నా పేరు మీద కొట్టిండు. ఆనికి నేనెవరో గూడ తెల్వదు!"

ఎర్ర డబ్బా అరుపు విద్యాసాగర్ గారి చెవిలో మోగింది. ఆమె చెప్పింది నిజమేనని ఆయనకు లోపల తెలిసిపోయింది. పైనుంచి వచ్చి పేరు దిద్దితే అది ఆదేశం. బయటి నుంచి వచ్చి దిద్దితే అది దొంగతనం. పని ఒక్కటే, దిద్దుడూ ఒక్కటే. కానీ దొంగతనం అంటే ఫలకం పీకాలి, వైరు ఎవరు లాగించారో చెప్పాలి, కంప్యూటర్ డబ్బాకు అంటించిన ఉత్తర్వు కింద ఎవరి సంతకం ఉందో చూడాలి.

"పైనుంచే బిడ్డా," అన్నారు స్కూటర్ స్టార్ట్ చేస్తూ. ఆమె మొహం చూడలేకపోయారు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

నియామక పత్రాల పంపిణీ బాగ్ లింగంపల్లిలో ఒక హాల్లో పెట్టారు. దండలు, కెమెరాలు, ఫలకం బొమ్మ వేసిన పెద్ద బ్యానరు. మంత్రి దాసయ్య గారు ఖద్దరు మడత నలగకుండా నిలబడి మొదటి కవరు అందుకున్నారు. హైకమాండ్ మనిషి కోసం ప్రత్యేకంగా తెప్పించిన గులాబీ దండ రెండో చేతిలో ఉంది.

"ప్రథమ స్థానం, శ్రీ అడ్మిన్!" అని మైకులో పిలిచారు.

ఎవరూ లేవలేదు.

"శ్రీ అడ్మిన్ గారు వేదిక మీదికి రావాలె!"

హాలంతా తలలు తిప్పి చూసింది. కెమెరాలు కూడా తిరిగాయి. మంత్రిగారి నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు విద్యాసాగర్ గారి మీద పడ్డాయి. ఆ చూపులో తన సస్పెన్షన్ ఉత్తర్వు ఆయనకు స్పష్టంగా కనిపించింది. సరిగ్గా అప్పుడే ఆయనకు చివరి వరుసలో స్నేహలత కనబడింది. ఆ అడ్మిన్ పేరు మీద ఎవరు లేస్తారో చూసిపోదామని వచ్చింది.

ఆయన గబగబా దిగి ఆమె దగ్గరికెళ్లి వంగారు.

"బిడ్డా, నంబరు నీదే గదా?"

"నాదే సార్."

"మార్కులు?"

"నావే."

"నాయన?"

"మా నాయనే."

"మరి ఒక్క పేరు కాడ పంచాయతి ఎందుకు? జాబితాల పేరు మార్చే పవర్ నాకు లేదు. మనిషిని మార్చొద్దని మాత్రం ఏ రూల్ల లేదు. లే బిడ్డా."

ఆమె లేవలేదు. ఒళ్లోని చేతుల్ని చూసుకుంది. వేదిక మీద మూడోసారి పిలుస్తున్నారు. ఈ కవరు ఈ హాలు దాటిపోతే ఆమె వయసుకు ఇంకో కవరు ఉండదు. స్నేహలత చున్నీ సర్దుకుని లేచింది.

మంత్రిగారు దండ పట్టుకుని తెల్లబోయారు. అలవాటు కొద్దీ వెంటనే తేరుకుని మైకు ఆమె నోటి ముందు పెట్టారు. "పేరు చెప్పమ్మా, అందరు ఇనాలె."

ఆమె పెదవులు ఒకసారి 'స్నే' అన్నట్టు కదిలాయి.

"అడ్మిన్, సార్."

చప్పట్లు మోగాయి. ఈసారి దోమలు లేవు. మంత్రిగారు విద్యాసాగర్ గారి చెవిలో మెచ్చుకోలుగా అన్నారు, "హైకమాండ్ ఎంత సింపుల్ మనిషిని పంపిందయ్యా. ఆ చెప్పులు సూడు!"

మర్నాడే 'శ్రీ' అన్న చోట 'కుమారి' అని చదువుకోవాలని సవరణ వెళ్లింది. ఆమె చేరిన రోజు హాజరు పట్టీలో సంతకం పెడుతూ మొదటి అక్షరం దగ్గరే ఆగి, కొట్టేసి, మళ్లీ రాసింది. విద్యాసాగర్ గారు చూడనట్టు కిటికీ వైపు తిరిగారు. అయినా ఆయన మనసు తేలిగ్గా ఉంది. ఉద్యోగం ఎవరికి రావాలో వాళ్లకే వచ్చింది. పేరంటారా, మనిషి లోపల అసలుది అయితే చాలు.

కంప్యూటర్ బాధ్యత ఆమెకే అప్పగించారు. కుర్చీలో కూర్చోగానే స్నేహలత డబ్బాకు అంటించిన ఉత్తర్వు చదివింది. చదివి నవ్వలేదు.

"సార్, మొదలు దీన్ని డ్యూటీల ఎక్కిద్దాం. ఆ వైరు గూడ పీకేద్దాం. లేకుంటె ఇయ్యాల నా పేరు, రేపు ఇంకొకరిది."

పద్ధతిగానే ఉంది. విచారణలో ఆరోపణలు రుజువు కానందున యాంటీవైరస్‌ను తిరిగి విధుల్లోకి తీసుకుంటూ విద్యాసాగర్ గారు సంతోషంగా సంతకం పెట్టారు. స్నేహలత దాన్ని లేపింది. పెద్దులు వైరు పట్టుకుని పీకడానికి సిద్ధంగా నిలబడ్డాడు. కంప్యూటర్ చాలాసేపు గొణిగి, ఒక్కసారిగా ఎర్ర డబ్బా విసిరింది.

'ప్రమాదం దొరికింది. పేరు: అడ్మిన్. అనుమతి లేకుండా లోపల చేరినది. తొలగించాలా? అవును. కాదు.'

విద్యాసాగర్ గారు ఆమె భుజం మీదుగా వంగి చదివారు. రెండోసారి చదివారు. "తొలగించుడంటె," అన్నారు మెల్లగా, "కంప్యూటర్లకెల్లనా, సర్వీసులకెల్లనా?"

"కంప్యూటర్లకెల్లనే సార్. ఆ దొంగోడు లోపట తయారు చేసుకున్న ఖాతా అది."

"తీసేసినమని రిపోర్టు రాయాలె గదా. ఆ అడ్మిన్ ఎవరు, ఎప్పుడు చేరిండు, ఏమేం దిద్దిండు, మొదటి వరుసల పేరు ఎవరిది అని అడుగుతరు గదా."

ఆమె మౌస్ మీద చెయ్యి పెట్టింది. బాణం 'అవును' మీద ఉంది. కిటికీ బయట పుస్తకాలు గుండెకు హత్తుకున్న పిల్లలు అశోక్ నగర్ వైపు నడిచిపోతున్నారు. వాళ్లందరి మార్కులూ ఇక మీదట ఈ డబ్బాలోకే వస్తాయి.

"పీకాల్నా అమ్మా?" అన్నాడు పెద్దులు వైరు పట్టుకుని.

ఆమె మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది.

"సార్," అన్నది కుమారి అడ్మిన్, "యాంటీవైరస్ పాత సస్పెన్షన్ ఆర్డర్ ఏ ఫైల్ల ఉన్నది?"